కడబంతిలోని వరస

ఎవరు ఏ సందేహం అడిగినా అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు సోమయాజులుగారికి లేదు. వాతావరణ పరిశోధనశాలలో కంప్యూటర్ విభాగానికి ఆయన పెద్ద. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఫణిరాజు ప్రశ్నకూ ఆయన, "రేపు ఇంటికి రా" అని ఊరుకున్నారు.

ప్రాసెసర్ ముందుగా తుపాను అంచనాలకు పనిచేయాలి. మిగిలిన తీరికలో ముప్పై ఏళ్ల వర్షపాత గణనకు చెందిన ప్రాసెస్‌లను, అంటే యంత్రంలో నడిచే విడివిడి పనులను, ఒక గ్రూపుగా నడపాలి. ఆ అమరికను వివరించే పత్రంలో ఫణిరాజు, 'ఈ గ్రూపులోని ప్రాసెస్‌లన్నీ అల్ప ప్రాధాన్యం గలవి' అని రాశాడు. ఆపరేటర్ రత్నకుమారి ఆ మాట నమ్మి, ప్రతి ప్రాసెస్‌నూ విడివిడిగా అట్టడుగుకు దించింది. అసలు గణనకూ, అదే గ్రూపులో ఉన్న పాత ఫైళ్లు ఊడ్చే ప్రోగ్రాంకూ తేడా లేకుండా పోయి పని కుంటుపడింది. పదిహేను రోజుల్లో ముగియకపోతే గణనను యంత్రం నుంచే తీసేస్తామని డైరెక్టరు తేల్చి చెప్పారు.

"గ్రూపు కడపటిదైతే అందులో ఉన్నవన్నీ కడపటివే కదండీ?" ఇదీ ఫణిరాజు ప్రశ్న.

మర్నాడు గురువుగారింట గృహప్రవేశం. ఆయన శిష్యుడి చేతికి పులిహోర బేసిను ఇచ్చి, అతిథులకు లోటు రాకూడదని మాత్రం హెచ్చరించారు. ఇంటివాళ్లు హాలు చివర కూర్చున్నారు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగులు లేదయ్యా" అని గురువుగారి బావమరిది వేళాకోళమాడుతూ విస్తరి ముందుకు జరిపాడు. ఫణిరాజు లొంగలేదు. అతిథుల విస్తళ్లన్నీ నిండి, ఎవరూ పిలవని క్షణం చూసుకుని ఆ చివరికి వెళ్లాడు. వెళ్లినవాడు బావమరిదిని దాటుకుని, తొంభై ఏళ్ల ముసలావిడ విస్తరి ముందు వంగాడు.

"మా మేనత్తకు ముందు వడ్డించమని నీకెవరు చెప్పారు?" అన్నారు గురువుగారు.

"ఎవరూ చెప్పలేదండీ. ఈ వరసలో పెద్ద ఆవిడే కదా," అన్న ఫణిరాజు, బేసినుతో అలాగే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రమే పత్రం తిరగరాశాడు: తోటి గ్రూపులతో పోలిస్తే ఈ గ్రూపు మొత్తం కడపటిది, లోపల మాత్రం దేని స్థానం దానిదే. రత్నకుమారి ఒక్కసారి చదివి, విడివిడిగా దించినవాటిని మళ్లీ యథాస్థానాలకు చేర్చి, గ్రూపుకు మాత్రమే అమరిక పెట్టింది. తుపాను అంచనా ఒక్క నిమిషమైనా ఆలస్యం కాలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం గణన ముగిసింది. విభాగమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇకపై అన్ని యంత్రాలకూ ఈ పత్రమే ప్రమాణమని డైరెక్టరు స్వయంగా వచ్చి ప్రకటించారు.

తెలిసిన సంగతే మొదట ఎందుకు రాయలేకపోయానని ఫణిరాజు గురువుగారిని అడిగాడు.

"దూరం నుంచి చూస్తే చివరివాళ్లందరూ ఒకేలా కనబడతారు, నాయనా," అన్నారాయన.