తోక కింది పాదసూచిక

వానలింకా పడలేదు. వాగు ఎండిపోయి అడవికంతటికీ ఒక్క మడుగు మిగిలింది. అది ఎవరిదో తేల్చడానికి మడుగు ఒడ్డునే పండిత సభ కూడింది. ఆ సభకొక ఆచారముంది. పత్రాన్ని తడి ఇసుకలో గీయాలి, అందులోని మాటల అర్థాలు అడుగున పాదసూచికలుగా రాయాలి. పక్కన ఏనుగు తాత కాలు మోపితే ఇక అది శాసనమే. ఆలోగా చెరపాలన్నా రాసినవాడే చెరపాలి.

నక్క వాగీశం తన పత్రం చివర తోక పరుచుకు కూర్చుని గొంతెత్తి చదివాడు. "మడుగు నీళ్ళు అడవి బిడ్డలందరివీ!"

"ఎంత పెద్ద మనసు!" అని జింకలు మురిసిపోయాయి. కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి. ఏనుగు తాత కాలెత్తాడు.

"ఆగు తాతా!" అంది ఏదుపంది సూరమ్మ. బొరియలో ఆమె పిల్లలు నాలుకలు పిడచగట్టుకుని పడున్నాయి. చప్పట్లు కొట్టే ఓపిక ఆమెకు లేదు. "పాదసూచిక చూడందే నేనొప్పుకోను."

"అవి పండితుల కోసం సూరమ్మా. నీకెందుకా తలనొప్పి?" అన్నాడు వాగీశం.

"నీళ్ళు నాకూ కావాలి గనక. తోక తియ్యి."

"సభామర్యాద తెలీదా?"

"దాహానికి తెలీదు. తియ్యి తోక!"

ఆమె ముళ్ళన్నీ గలగలమని లేచాయి. వాగీశం చటుక్కున తోక లాక్కున్నాడు. దాని కింద చిన్న గీతల్లో ఇలా ఉంది: 'అడవి బిడ్డలనగా మాంసం తప్ప మరేదీ ముట్టనివారు.'

పైన పటారం, లోన లొటారం! జింకల మొహాలు వాడిపోయాయి. ఆకులు తిని బతికే ఏనుగు తాత కాలు గాల్లోనే ఆగిపోయింది.

"చెరిపెయ్యవయ్యా," అన్నాడు తాత.

"చెరపను. రాసింది నేను, నా ఇష్టం," అన్నాడు వాగీశం.

"ఆచారం ఆచారమే," అని, మాంసం తప్ప మరేదీ ముట్టని పులి మూతి నాక్కుంది.

సూరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు. "సరే, ఆ అర్థమే ఉండనీ. వాగీశం, నీ నాలుక చూపించు."

"ఎందుకూ?"

"నువ్వు అడవి బిడ్డవో కాదో చూద్దాం."

"చూపించవోయ్," అంది పులి. పులి అడిగాక తప్పుతుందా? వాగీశం నోరు తెరిచాడు. నాలుక నల్లగా, నీలంగా ఉంది.

"పొద్దున్నే నేరేడు చెట్టు కింద రాలిన పళ్ళన్నీ ఊడ్చుకు తిన్నావు. మాంసం తప్ప ముట్టనివాడివా నువ్వు?"

పులి ఫక్కున నవ్వింది. "అయితే మడుగు నా ఒక్కదానిదే! బాగా రాశావోయ్. నువ్వు మాత్రం ఆ దరిదాపులకు రాకు."

వాగీశం మడుగు వైపు చూశాడు, గుటక మింగాడు. చివరికి వెనక్కి తిరిగి, ఆ పాదసూచికను దాచిన తోకతోనే దాన్ని తుడవసాగాడు.

"గట్టిగా తుడువు, ఇంకా కనబడుతోంది," అంది సూరమ్మ.

అప్పుడు ఏనుగు తాత కాలు మోపాడు. సూరమ్మ పిల్లలను తెచ్చి అందరికంటే ముందు నీళ్ళలో దించింది. వాగీశం వంతు చివర వచ్చింది.

పైమాటకు చప్పట్లు కొట్టే ముందు, కిందిమాట చదివి తీరాలి.