గరుకయ్య నెత్తిన దొర్లమ్మ

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఎంత పెద్ద అడవంటే, ఈ కొసన పుట్టిన లేడిపిల్ల ఆ కొస చేరేసరికి ముసలిదైపోయి మునిమనవల్ని ఆడించుకునేది. ఆ అడవికి రాజు లేడు. ఉన్న ఒక్క సింహానికీ పళ్ళన్నీ ఊడిపోయి, "నా వల్ల కాదు, మీలో మీరే చూసుకోండి" అని గుహలోకి పోయి పడుకుంది. అప్పటినుంచి జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడు తాబేలు తాత. ఆయన "నిశ్శబ్దం" అనడం మొదలుపెడితే, ఆ మాట పూర్తయ్యేలోపు గొడవ దానంతటదే సద్దుమణిగి, గొడవపడ్డవాళ్ళు వియ్యంకులు కూడా అయిపోయేవాళ్ళు.

ఆ సభలో ఒక నియమం ఉండేది. సభ్యుడు లేచి ప్రశ్న అడిగితే మంత్రి జవాబు చెప్పాలి. అడిగినవాడు తృప్తిగా తల ఊపేదాకా చెబుతూనే ఉండాలి. మధ్యలో కూర్చోకూడదు. తల ఊపాడా, జవాబు అందినట్టే. ఇక ఆ పూటకి ఆ మాట ఎత్తకూడదు.

మంచి నియమమే కదూ? మంచిదే. కానీ వాగు ఒడ్డున ఉండే పేడపురుగులు తమ తరఫున సభకి ఎవర్ని పంపాయో తెలుసా? తొండని!

ఆ తొండ పేరు గరుకయ్య. ఒళ్ళంతా గరుకు, మనసు మాత్రం వెన్న. మండుటెండలో పేడపురుగులు పనిచేస్తుంటే, వాళ్ళ పక్కన నిలబడి కబుర్లు చెప్పేవాడు అతనొక్కడే. అందుకే అందరూ అతనికే ఓటేశారు. పాపం, అతనికి ఉన్నది ఒక్కటే లోపం. తల దానంతటదే ఊగుతుంది. ఆపుదామన్నా ఆగదు.

పేడపురుగులనగానే అలా మొహాలు చిట్లించకండి! ఆ అడవిలో ఏనుగులు లద్దె వేస్తే, ఒక్కోటి ఒక్కో కొండ. వాటిని ఉండలు చుట్టి, వెనక్కాళ్ళతో తోసుకుంటూ పోయి మట్టిలో పూడ్చేది ఆ చిన్న ప్రాణులే. వాళ్ళు ఒక్క పూట పని మానితే చందమామ ముక్కు మూసుకుని మబ్బు చాటుకి పోయేవాడు. పూడ్చిన ఉండల్లోనే వాళ్ళ గుడ్లు కూడా ఉండేవి. కానీ వాళ్ళకిచ్చిన చోటు వాగు పక్క పల్లపు నేల. పోయిన వానాకాలం వాగు పొంగి, దొర్లమ్మ అనే పెద్దావిడ గుడ్లన్నిటినీ ఊడ్చుకుపోయింది.

ఈ ఏడు దొర్లమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. ఆవిడ గరుకయ్యని పిలిచి చెప్పింది.

"అల్లుడా, నాకు ఇంకేమీ వద్దు. తొలి వాన పడేలోగా, ఆ ఎత్తున ఉన్న మోదుగుల గట్టు మీద మాకింత చోటు ఇప్పించు."

"ఇప్పిస్తానత్తా! అడగడానికేగా నేనున్నది!" అన్నాడు గరుకయ్య.

మొదటి రోజు సభలో లేచి, సంక్షేమం చూసే నెమలి మంత్రిని అడిగాడు.

"అధ్యక్షా! ఎండలో లద్దె మోసేవాళ్ళకి నీడ ఏదని అడుగుతున్నాను."

నెమలి పింఛం విప్పింది. ఆ వెలుగుకి సగం సభకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"నీడ గురించి మేం పగలూ రాత్రీ కలలు కంటున్నాం, అధ్యక్షా," అంది.

గరుకయ్య నోరు తెరిచి "అది కాదు..." అనేలోపే తల ఊగిపోయింది.

"సభ్యుడికి... జవాబు... అందింది," అన్నాడు తాబేలు తాత.

రెండో రోజు, దారులు చూసే ఎలుగు మంత్రిని అడిగాడు.

"అధ్యక్షా! మావాళ్ళని ఏనుగులు చూసుకోకుండా తొక్కేస్తున్నాయి. ఏం చేశారు?"

ఎలుగు మూతికంటిన తేనె నాక్కుంటూ లేచింది. "కింద చూసి నడవమని ఏనుగులకి కబురు పెట్టాం. నత్తతో పంపాం, దారిలో ఉంది," అంది.

సభంతా నవ్వింది. గరుకయ్యకి ఒళ్ళు మండింది. మండితే మాత్రం ఏం లాభం? తల ఊగింది.

మూడో రోజు, నేలలు పంచే అడవిపంది మంత్రిని అడిగాడు. ఆయన పేరు కోరలప్ప. పెద్ద మనిషి, పెద్ద పొట్ట. ఆయన తుమ్మితే చెట్లు ఆకులు రాల్చుకుని శిశిరం వచ్చిందనుకునేవి.

"అధ్యక్షా! మోదుగుల గట్టు ఎప్పుడిస్తారు? వానలు దగ్గరపడ్డాయి. గుడ్లు మునిగిపోతాయి."

"కొలుస్తున్నాం," అన్నాడు కోరలప్ప. అంతే. ఆ ఒక్క మాటే.

గరుకయ్య ముందుకాళ్ళు నేలకి బిగించాడు. పళ్ళు కొరికాడు. ఊపిరి బిగబట్టాడు. మొహం ఎర్రబడింది. అయినా తల టకటకా ఊగింది.

ఆ సాయంత్రం వాగు ఒడ్డుకి వెళ్తే, దొర్లమ్మ ఉండ తోస్తూ కూడా తిట్టడం ఆపలేదు.

"ఏరా గరుకా! నిన్ను పంపింది అడగడానికా, ఆడించడానికా?"

"నేను ఊపట్లేదత్తా, అదే ఊగుతోంది! మా వంశమే అంత. మా తాత పెళ్ళిచూపులకి వెళ్ళి, చూపించిన పిల్లకల్లా తల ఊపి, ఊళ్ళో ఉన్నవాళ్ళందర్నీ చేసుకోవాల్సొచ్చింది."

పక్కనున్న పురుగులు నవ్వాయి. దొర్లమ్మకీ నవ్వొచ్చింది గానీ, ఉండని ఒళ్ళోకి లాక్కుని, "నాకు మాత్రం మళ్ళీ ఏడవాలని లేదురా," అంది.

గరుకయ్య అక్కణ్ణుంచి కదిలాడు. తలదించుకుని పొద నీడన నడుస్తుంటే, వెనకనుంచి కోరలప్ప గొంతు వినిపించింది.

"ఏం బావగారూ, దిగులుగా ఉన్నారు? ఇలా రండి, మీకొకటి చూపిస్తాను."

చూపించింది ఒక బండ. నున్నటి నల్ల బండ. పొద్దున మొదటి ఎండా, సాయంత్రం చివరి ఎండా దాని మీదే పడతాయి. తొండకి వెచ్చటి బండంటే, మీకు నేతిలో తేలే బొబ్బట్టన్నమాట.

"ఇది ఈ రోజునుంచి మీదే," అన్నాడు కోరలప్ప. "రేపు కూడా మీరు అడగండి. అడగొద్దని నేననను. నేనొక ముక్క చెబుతా, మీరు ఎప్పట్లాగే తల ఊపండి. అంతకన్నా ఏం చెయ్యక్కర్లేదు."

గరుకయ్య బండెక్కి బోర్లా పడుకున్నాడు. అబ్బ! పొట్ట కిందనుంచి వెచ్చదనం ఎక్కి తోక చివరిదాకా పాకింది. కళ్ళు మూతలు పడ్డాయి. 'నేనేమన్నా తప్పు చేస్తున్నానా? ఊపకుండా ఉండటం ఎలాగూ నా చేతిలో లేదుగా,' అనుకున్నాడు.

ఒక్కసారి కళ్ళు తెరిచి కిందకి చూశాడు. బండ ఎత్తుమీదుందేమో, వాగు ఒడ్డంతా కనిపిస్తోంది. దొర్లమ్మ తన గుడ్లున్న ఉండని ఒక్కతే పైకి తోస్తోంది. జానెడు ఎక్కిస్తే మూరెడు జారుతోంది. మళ్ళీ తోస్తోంది. కొండల అవతల ఆకాశం నల్లబడుతోంది.

గరుకయ్యకి పొట్ట కింద బండ నిప్పులా కాలింది. ఒక్క దూకు దూకి పరిగెత్తాడు.

"అత్తా! అత్తా! రేపు నువ్వు నాతో సభకి రావాలి. నా నెత్తి మీద కూర్చోవాలి!"

"మతిపోయిందా? ఒళ్ళంతా పేడ పెట్టుకుని పెద్దల సభలోకా?"

"నా తల నా మాట వినట్లేదత్తా. పైన నువ్వుంటే నీ బరువుకైనా వింటుంది, నీ భయానికైనా వింటుంది."

మర్నాడు గరుకయ్య నెత్తిన దొర్లమ్మ కిరీటంలా కూర్చుంది. సభంతా ముక్కులు మూసుకుంది. తాబేలు తాత మెడ సాచి చూశాడు.

"సభలో... బయటివాళ్ళు... కాలు పెట్టకూడదు."

"ఆవిడ కాలు పెట్టలేదు, అధ్యక్షా. నా నెత్తిన కూర్చుంది," అన్నాడు గరుకయ్య. తాబేలు తాత కాసేపు ఆలోచించాడు. ఆయన కాసేపంటే మీకు తెలుసుగా, ఆ కాసేపట్లో సభ గుమ్మంలో పడ్డ చింతగింజ మొలకెత్తింది. చివరికి, "సరే... కానీ," అన్నాడు.

"అధ్యక్షా! మోదుగుల గట్టు మావాళ్ళకి ఎందుకివ్వలేదో నేలల మంత్రిగారు చెప్పాలి!"

కోరలప్ప లేచి, గరుకయ్యకి చిన్నగా కన్ను గీటి, "కొలుస్తున్నాం, అధ్యక్షా," అని కూర్చోబోయాడు.

గరుకయ్య మెడ జివ్వుమంది. తల ఊగబోయింది. పైనుంచి దొర్లమ్మ గొణిగింది. "ఊపావో, చెవి కొరుకుతా!"

"నాకు చెవులెక్కడివత్తా?"

"అయితే ముక్కు!"

తల ఆగింది. పుట్టిన తరవాత మొదటిసారి గరుకయ్య తల రాయిలా నిలబడింది.

"సభ్యుడు... ఊపలేదు. చెప్పండి," అన్నాడు తాబేలు తాత.

కోరలప్ప తెల్లమొహం వేశాడు. ఆయనకి రెండో ముక్క రాదు మరి. అవసరం ఎప్పుడు పడిందని!

"జాగ్రత్తగా కొలుస్తున్నాం," అన్నాడు. తల ఊగలేదు. "చాలా జాగ్రత్తగా, తోకతో కొలుస్తున్నాం." ఊగలేదు. "తోక పొట్టిది కనక ఆలస్యమవుతోంది." ఊగలేదు. తన తాత దుంపలు తవ్విన సంగతి చెప్పాడు. వాళ్ళ నాయనమ్మ దుంపల పులుసు ఎలా పెట్టేదో చెప్పాడు. సభకి నోరూరింది గానీ గరుకయ్య తల ఊగలేదు. మధ్యాహ్నమైంది. ఎలుగు మంత్రి కడుపు ఆకలికి గుర్రుమంటే, వానొచ్చిందనుకుని సగం మంది చెట్ల కిందకి పరిగెత్తారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నిజంగానే దూరాన ఉరిమింది.

కోరలప్ప దగ్గర అబద్ధాలు అయిపోయాయి. ఒళ్ళంతా చెమట. నోట్లో ఇంక నిజమొక్కటే మిగిలింది.

"గట్టు... గట్టు మా మేనల్లుడికిచ్చాను, అధ్యక్షా!" అని బావురుమన్నాడు. "మా చెల్లెలి కొడుకు. కొత్తగా పెళ్ళయింది. అడవిలో అందరికన్నా ఎత్తైన చోట కాపురం పెట్టించానని గొప్పగా చెప్పుకున్నా. తరవాత తీసుకోవడానికి మొహం చెల్లలేదు!"

సభలో గగ్గోలు పుట్టింది. కొందరు ఛీఛీ అన్నారు, కొందరు బల్లలు లేక ఒకరి వీపు ఒకరు చరిచారు. గరుకయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. కానీ మాట నెత్తిమీంచి వచ్చింది.

"ఏడవకు నాయనా. ముందా పిల్లాణ్ణి పిలిపించు," అంది దొర్లమ్మ.

"ఎవరు... మాట్లాడింది?" అన్నాడు తాబేలు తాత.

"నా తలలోంచి వచ్చిన మాటే అనుకోండి, అధ్యక్షా!" అన్నాడు గరుకయ్య.

మేనల్లుడు వచ్చాడు. వస్తూ వస్తూ దారిలో ఉన్న ప్రతి చెట్టుకీ వీపు రుద్దుకుంటూ వచ్చాడు. వాడు రుద్దిన చెట్లు ఈనాటికీ వంకరే.

"మామయ్యా, నువ్వేమనుకుంటావోనని ఇన్నాళ్ళూ చెప్పలేదు," అన్నాడు. "ఆ ఎండుగట్టు మీద గుప్పెడు బురద లేదు. ఒళ్ళు దురదలు పుట్టి చస్తున్నాం. మీ కోడలు పుట్టింటికి పోతానంటోంది!"

దొర్లమ్మ పకపకా నవ్వింది. "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! మా వాగు ఒడ్డంతా బురదే కదరా! పొర్లినంతా పొర్లండి, ఆ గట్టు మాకిచ్చెయ్యండి. ఈ ముక్క అడగనిచ్చి ఉంటే ఎప్పుడో తేలిపోయేది!"

గరుకయ్య కోరలప్ప వైపు తిరిగాడు. "ఇస్తారా?"

"ఇప్పుడే! నేనే మోస్తాను!" అన్నాడు కోరలప్ప.

ఆ మధ్యాహ్నం మీరు చూడాలర్రా! కోరలప్ప ముట్టెతో ఉండలు తోశాడు. మేనల్లుడు అత్తగారింటికి సారె మోసినట్టు మోశాడు. తనని మళ్ళీ నిలదీసి అడగకముందే నెమలి వెళ్ళి దారి పొడుగునా ఆకుల పందిరి వేయించింది. ఎలుగు ఏనుగుల కాళ్ళకి ఎండుకాయల గజ్జెలు కట్టింది, ఆ చప్పుడు వింటే పురుగులు పక్కకి తప్పుకోవచ్చని. కట్టేటప్పుడు ఏనుగులకి ఎంత కితకితలు పెట్టిందంటే, అవి నవ్విన నవ్వుకి కొండలు జరిగి కూర్చున్నాయి. దొర్లమ్మ ఉండని మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు. గరుకయ్య ఒక పక్క, ఆవిడ ఒక పక్క పట్టి గట్టెక్కించారు.

ఆఖరి ఉండ గట్టు మీద పూడ్చారో లేదో, ఆకాశం కుండ పగిలినట్టు వాన పడింది. వాగు పొంగింది. పల్లమంతా మునిగింది. మేనల్లుడూ వాడి పెళ్ళామూ నీటి అంచున బురదలో పొర్లుతూ పాటలు పాడారు. గట్టు మీద మోదుగుల కింద పేడపురుగులు పొడిగా పడుకున్నాయి.

వానలు వెలిసిన ఒక పొద్దున, దొర్లమ్మ ఉండ టక్కుమని పగిలి ఒక చిన్న తల బయటికొచ్చింది. ఎండ కళ్ళలో పడి తుమ్మింది. అటూ ఇటూ చూసింది.

"అమ్మా, ఆకలి! ఏనుగులెక్కడ?" అంది.

దొర్లమ్మ దాన్ని రెండు కాళ్ళ మధ్యకి లాక్కుంది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆవిడకే తెలీలేదు. గరుకయ్యకైతే రెండూ వచ్చాయి.

నీతి: పదిమంది తరఫున అడగడానికి లేచినవాడు ఆ పదిమందినీ తన నెత్తిన ఉన్నట్టే తలుచుకోవాలి, నిజమైన జవాబు వచ్చేదాకా 'సరే' అనకూడదు.