వట్టివేళ్ళ అత్తరు

ఆ గురువారం ఇలియాస్ దర్గాకి వచ్చింది దువా చేసుకోవడానికి కాదు, ఫిర్యాదు చేయడానికి.

"హజ్రత్, ఓబులమ్మను ఇక మన పంక్తిలో కూర్చోనివ్వకండి. ఊరంతా మనల్నే అంటోంది," అన్నాడు.

దర్గా గురువు సిరాజ్ షా అప్పుడే తన గదిలోంచి వరండాలోకి వచ్చారు. రోజూలాగే వట్టివేళ్ళ అత్తరు అరచేతుల్లో వేసుకుని రాసుకుని ఉన్నారు. ఆయన ఎక్కడుంటే ఆ వాసన అక్కడుంటుంది, శిష్యులకి అది కొత్త కాదు. ఇలియాస్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగారు. చాలాసేపు ఆ చేతులు వదల్లేదు.

"తగ్గాయి," అన్నాడు ఇలియాస్. అతని ధ్యాసంతా ఓబులమ్మ మీదే ఉంది.

మిల్లు యజమాని శేషగిరిని ఎవరో ఆయన ఇంట్లోనే చంపిన దగ్గర్నుంచి ఆ ఊళ్ళో మరో మాట లేదు. పోలీసులు వంటమనిషి చంద్రకళను పట్టుకెళ్ళారు. ఆమె చీర కొంగుకి శేషగిరి రక్తం అంటి ఉంది. పొద్దున్నే పనికి వెళ్ళేసరికి అయ్యగారు పడి ఉన్నారనీ, లేపబోతే అంటిందనీ ఆమె చెప్పింది. ఆ మాట విన్నవాళ్ళు తక్కువ, నమ్మినవాళ్ళు ఇంకా తక్కువ.

ఫోరెన్సిక్ రిపోర్టు కోర్టుకి చేరకముందే టీ కొట్టుకి చేరింది. నిన్నటిదాకా తమ రక్తం ఏ గ్రూపో తెలియనివాళ్ళు కూడా డీఎన్‌ఏ గురించి గొంతులు చించుకుని వాదించుకుంటున్నారు.

ఇలియాస్ రక్తపరీక్షల సెంటర్లో టెక్నీషియను. పని శ్రద్ధగా చేస్తాడు, కాదనలేం. ఊళ్ళో ఉన్న టీవీ చానల్ వాళ్ళు అతన్ని పిలిచి, పేరు కింద 'ఫోరెన్సిక్ నిపుణులు' అని వేశారు. అతను వద్దనలేదు. తెర మీద చీర బొమ్మ పెడితే దాని మీద ఎర్ర గీతలు గీసి, మరక ఎక్కడ మొదలైందో, ఎటు జారిందో చూపించాడు. "మనుషులు అబద్ధం చెప్తారు. మరక చెప్పదు," అన్నాడు. ఆ మాట ఊరికి తెగ నచ్చింది. ఆటోల వెనకాల రాయించుకోలేదు గానీ, అంత పని అయింది.

ఓబులమ్మ చంద్రకళకి తల్లి. పూలు కట్టి అమ్ముకుంటుంది. టీవీలో ఆ మాట వచ్చిన మర్నాటి నుంచీ ఆమె పూలు కొనేవాళ్ళు లేరు. కుళాయి దగ్గర ఆమె బిందెను కాలితో పక్కకి జరిపారు. మనిషిని మనిషిలా చూసే చోటు ఇక దర్గా ఒక్కటే మిగిలింది. అక్కడా కాదంటే ఆమె ఊరు విడిచి పోవాల్సిందే. పోతే, జైల్లో ఉన్న కూతురి మొహం చూసే దిక్కు ఉండదు.

ఇదంతా సిరాజ్ షాకి తెలుసు.

"మరకను చూసి మనిషిని చెప్పగలవా, ఇలియాస్?"

"చెప్పగలను హజ్రత్. నా చదువే అది."

"అయితే నాకో సంగతి చెప్పు. ఈ పూట నా చేతి అత్తరు ఈ వరండాలో ఒక్కరికే అంటింది. ఎవరికి?"

ఇలియాస్‌కి నవ్వొచ్చింది. ఇంత సులువైన పరీక్ష పెడతారనుకోలేదు.

అన్నం కోసం వరసగా కూర్చున్నవాళ్ళని చేతులు చాపమన్నాడు. తన చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరినీ తాకకుండా, వంగి ఒక్కొక్కరి చేతులూ వాసన చూశాడు. ఆటో నడిపే సుభాన్ చేతులకి పెట్రోలు వాసన. గాజులమ్మే జైబున్ చేతులకి కొబ్బరినూనె వాసన. ఆ పక్కవాళ్ళ దగ్గర చెమట తప్ప ఏమీ లేదు.

వరస చివర ఓబులమ్మ కూర్చుని ఉంది. ఆమె చేతులు చాపలేదు. ఒళ్ళో ఉన్న గుడ్డమూటను రెండు చేతులా పట్టుకుని ఉంది.

"అవ్వా, ఏముంది అందులో?"

"ఏం లేదు నాయనా. పాత చీర."

'చీర' అనగానే అతని కళ్ళు మెరిశాయి. వంగి మూట లాక్కున్నాడు. ముడి విప్పి, చీరను రెండు చేతుల్తో మొహం దగ్గరికి ఎత్తి గట్టిగా వాసన పీల్చాడు.

వట్టివేళ్ళ అత్తరు. అనుమానం లేదు.

"ఈమే, హజ్రత్!"

"అనుకుంటానే ఉన్యా," అన్నాడు సుభాన్.

ఓబులమ్మ బిత్తరపోయింది. "నేను అయ్య దగ్గరికే పోలేదు నాయనా. వచ్చినప్పటి నుంచి ఈడనే కూసోనుండా."

"నువ్వు అట్లాగే అంటావవ్వా. చీర వేరే చెప్తోంది."

సిరాజ్ షా నెమ్మదిగా అడిగారు. "మిగతావాళ్ళ దగ్గర చేతులు వెనక్కి కట్టుకున్నావు. ఎందుకు?"

"ముట్టుకోకూడదు హజ్రత్. మనం ముట్టుకుంటే మన చేతిది..."

మాట సగంలో ఆగిపోయింది.

"ఇప్పుడు నీ చేతులు వాసన చూసుకో," అన్నారు సిరాజ్ షా.

ఇలియాస్ చూసుకున్నాడు. అదే అత్తరు, ఇందాక హజ్రత్ పట్టుకున్న చేతులకి. ఇంతమందిలో అతనికి అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

సుభానే మళ్ళీ అన్నాడు. "అంటే ఆ చంద్రకళ ఏ తప్పూ చేయలేదంటారా హజ్రత్?"

"ఆ మాట నేననలేదు. నాకు తెలియదు."

ఇలియాస్ చీరను మడత పెట్టబోయాడు. అంచులు మాత్రమే పట్టుకుని మడవాలని చూశాడు. కుదరలేదు. ఎక్కడ పట్టుకున్నా అంటుతూనే ఉంది.

"ఇట్లియ్యి నాయనా," అంది ఓబులమ్మ చేతులు చాపి. "నా బిడ్డ చీర పోలీసోళ్ళు తీసకపాయిరి. జైలుకు పోయి ఇది ఇచ్చి రావల్ల. రోంత అన్నం తిని తొందరగా పోకపోతే ములాఖత్ టైము దాటిపోతాది." చీర ఒళ్ళో పెట్టుకుని మడుస్తూ, అతని మొహం చూసి, "బాగుందిలే వాసన. దానికీ బాగుంటాది," అంది.

అతనికి ఏడుపొచ్చింది.

జేబులో ఫోను మోగింది. చానల్ వాళ్ళు.

"సార్, సాయంత్రం చర్చ ఆ చీర మీదే. రెడీయేనా?"

"ఆ చీర నేను చూడలేదండీ."

"ఆ? ఏంటి సార్?"

"నాకు తెలియదండీ," అన్నాడు ఇలియాస్. ఆ ముక్క నోట్లోంచి రావడానికి కష్టమైంది. అవతల హలో హలో అంటుండగానే ఫోను పెట్టేశాడు.

లోపల్నుంచి అన్నం గంగాళం వచ్చింది. వేడి అన్నం, పప్పు వాసన వరండా అంతా నిండింది. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇలియాస్ అలాగే నిలబడ్డాడు.

"చేతులు కడుక్కుని రా," అన్నారు సిరాజ్ షా. "ఆమె పక్కన చోటుంది."