ఎర్రదారం కత్తి

అనగా అనగా, ఏరు ఇప్పటి దారి పట్టకముందు, ఆ ఏటి పక్కన ఓ ఊరుండేదట. ఆ ఊరికి ఒక మంగలి. పేరు ఎలమంద. పొట్టి మనిషి. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. పోయి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. అయినా ఇవాళ్టికీ ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుక్కి గడ్డం గీసే వేళ పందిరిలో జనమంతా కళ్ళు మూసుకుంటారు. ఎందుకు మూసుకుంటారో చెప్తాను, మీరు మాత్రం తెరిచే ఉంచండి.

ఎలమంద పొదిలో, అంటే మంగలి సంచిలో, మూడు కత్తులుండేవి. వాటికి ఊరివాళ్ళే పేర్లు పెట్టారు. పెద్దకోడలు, నడిపికోడలు, చిన్నకోడలు. పెద్దకోడలు దురుసుది. చెంప మీద పెట్టీ పెట్టకముందే ఉన్నదంతా ఒక్క ఊపున ఊడ్చేస్తుంది. చెయ్యి ఏమాత్రం ఏమరినా తోలు కూడా ఊడ్చేస్తుంది. చిన్నకోడలు నెమ్మదిది. వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. కాకపోతే ఒకే చోటికి మూడుసార్లు పంపాలి. నడిపికోడలు పేరుకు తగ్గట్టే నడిమిరకం. మూడింటి పిడులూ ఒకే చెట్టు కర్ర, చూడ్డానికి మూడూ ఒకేలా ఉండేవి. గుర్తు కోసం పెద్దకోడలికి ఎర్రదారం, చిన్నకోడలికి పసుపుదారం చుట్టి ఉండేవి. నడిపిదానికి ఏమీ లేదు. నడిపివాళ్ళ సంగతి ఎక్కడైనా అంతే కదా.

ఈ కత్తి మంచిది, ఆ కత్తి చెడ్డది అని ఎలమంద ఎన్నడూ అనలేదు. ఎవరి చెంపకి ఏది సరిపడుతుందో చూసేవాడు. ముందు వేళ్ళ వెనకభాగంతో గడ్డాన్ని ఎదురు రాసేవాడు. వెంట్రుక మొండితనం తెలిసేది. తర్వాత చెంపని బొటనవేలితో నొక్కి వదిలేవాడు. ఎరుపు ఎంతసేపు నిలిస్తే చర్మం అంత సుకుమారం. ఆఖరికి చెవి కింద ఒక్క గీటు గీసి, మనిషి మొహం వంక కాదు, కాళ్ళ వంక చూసేవాడు. కత్తి సరిపడకపోతే కాలి బొటనవేలు ముడుచుకుంటుంది. మొహం అబద్ధమాడగలదు గానీ బొటనవేలికి ఆ విద్య రాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఆ ఊరి మగాళ్ళతో వచ్చింది. ఊరి పెద్దకాపు భద్రయ్య ఒకనాడు పీట మీద కూర్చుని, మీసం మెలేసి, "ఎర్రదారం తియ్యిరా" అన్నాడు. పెద్దమనిషికి పెద్దకత్తి అని ఆయన లెక్క. ఆయన మీసం చూస్తే పులి జ్ఞాపకం వచ్చేది. దాని పక్కనున్న చెంప మాత్రం లేత వంకాయ. పెద్దకోడలు ఆ చెంప మీద నడిచింది, బొటనవేలు ముడుచుకుంది, రక్తం చిమ్మింది. ఆయన మొహాన పసుపు అద్దుకుని నవ్వుతూ లేచిపోయాడు. రెండోసారీ ఎర్రదారమే అన్నాడు. రెండోసారీ పసుపు అద్దుకున్నాడు. మూడోసారీ అంతే.

పెద్దకాపు ఎర్రదారం అన్నాక ఊళ్ళో మిగతావాళ్ళు పసుపుదారం అంటారా? చాకలి ఎర్రదారం అన్నాడు. కమ్మరి ఎర్రదారం అన్నాడు. నిన్నగాక మొన్న నూనూగు మీసం మొలిచినవాడూ ఎర్రదారమే అన్నాడు. పసుపుదారం అడిగితే ఆడపిల్లతో సమానమని ఒక మాట పుట్టింది. ఊరి మగాళ్ళంతా మొహాల మీద గాట్లతో తిరుగుతూ, ఒకళ్ళ గాట్లు ఒకళ్ళకి చూపించుకుని మురిసిపోతున్నారు.

పసుపుదారం అడిగేవాడు ఒక్కడే మిగిలాడు. వాడు గొర్రెలు కాసుకునే మైలయ్య. "మాలాంటోళ్ళకి పెద్దకత్తి ఎందుకులే ఎలమందన్నా, సిన్నదే గియ్యి" అనేవాడు. వాడి గడ్డం కొబ్బరిపీచు. నెమ్మది కత్తి ఆ పీచులో నడవలేక ఒక్కో వెంట్రుకనీ పట్టి లాగేది. మైలయ్య కళ్ళలో నీళ్ళు తిరిగేవి, నోరు మాత్రం విప్పేవాడు కాదు. వాడికి కావలసింది పెద్దకోడలు. అది ఆ గడ్డం మీద వెన్న మీద నడిచినట్టు నడిచేది. కానీ వాడు అడగడు.

ఎలమంద ఊరికి ఎదురు చెప్పేంతటివాడు కాదు. నాలుగోసారి భద్రయ్య పీట మీద కూర్చోగానే పొదిలో చెయ్యిపెట్టి, పెద్దకోడలి పిడి మీది ఎర్రదారాన్ని జార్చి చిన్నకోడలి పిడికి తొడిగాడు. తీసి చూపించాడు. గీశాడు. ఒకే చోట మూడుసార్లు పంపాడు. బొటనవేలు కదల్లేదు. భద్రయ్య చెంప తడుముకుని, "ఇదిరా కత్తంటే" అన్నాడు. ఆ తర్వాత మైలయ్య వస్తే పసుపుదారాన్ని పెద్దకోడలికి తొడిగాడు. మైలయ్య బొటనవేలూ కదల్లేదు. అలా ఎవరు అడిగిన దారం వాళ్ళకి చూపించాడు, ఎవరికి తగిన కత్తి వాళ్ళకి గీశాడు. ఊళ్ళో గాట్లు మాయమైపోయాయి. మా చర్మాలు రాటుదేలాయి చూశారా అని మగాళ్ళు ఇంకా మురిసిపోయారు.

ఈ సంగతి తెలిసింది ఎలమంద భార్య రావులమ్మకి ఒక్కదానికే. ఒకరోజు సంగటి పెడుతూ అడిగింది.

"ఊరందర్నీ మోసం జేస్తన్నావు. తప్పు గాదా?"

"దారం మార్చా గానీ గడ్డం సరిగ్గానే గీశా గదా."

"తెలిస్తే?"

"తెలిస్తే పెద్దకాపు పరువు పోద్ది, తాతలనాటి మన మిరాశీ హక్కు పోద్ది. ఊరొదిలి పోవాల్సిందే. అందుకే తెలియనియ్యను" అన్నాడు ఎలమంద. సంగటి చల్లారిపోతోంది, తినమంది ఆమె.

కొన్నాళ్ళకి భద్రయ్య కొడుకు శరభయ్యకి పెళ్ళి కుదిరింది. ఆడపిల్లవారు ఏటి అవతలివాళ్ళు. పెళ్ళికొడుక్కి పందిట్లో పీట వేసి, రెండు వైపులవాళ్ళూ చూస్తుండగా గడ్డం గీయాలి. ఒక్క రక్తపుబొట్టు రాలినా అపశకునమని పెళ్ళి ఆపేసేవాళ్ళు. శరభయ్య చెంప తండ్రి చెంపకంటే లేత. ఎలమంద పొద్దున్నే లేచి ఎర్రదారాన్ని చిన్నకోడలికి తొడిగి, ఇక ఈ పూట గండం లేదనుకుని పందిట్లోకి వచ్చాడు.

భద్రయ్య వియ్యాలవారి వైపు ఓసారి చూసి, అందరికీ వినపడేట్టు, "ఎర్రదారం తియ్యిరా. మా వంశంలో మగాళ్ళకి అదే" అన్నాడు.

ఎలమంద తీశాడు. అప్పుడు పెళ్ళికూతురి మేనమామ సూరప్ప లేచాడు. మనిషి తాటిచెట్టంత. గడ్డం తాటిమట్టంత గరుకు.

"ఈ కత్తి పేరు ఏరు దాటి మా ఊరిదాకా వచ్చింది బావగారూ. అంత దురుసుదైతే కుర్రాడికి రక్తం రాకుండా ఉంటదా? ముందు నాకు గీయించండి. నేను సరేనన్నాకే కుర్రాడికి" అన్నాడు.

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఎలమంద మాత్రం తన చేతి వంక చూసుకున్నాడు. చేతిలో ఉన్నది చిన్నకోడలు. ఆ తాటిమట్ట మీద పెడితే పట్టి లాగుతుంది. ఇదేం కత్తి, ఇదేం పేరు అని సూరప్ప లేచి నిలబడతాడు, భద్రయ్య తల నలుగుర్లో వంగిపోతుంది. పోనీ నిజం పెద్దకోడలితో సూరప్పకి గీస్తే, అదే కత్తి అందరి ఎదుటా కుర్రాడి చెంప మీదికి రావాలి. రక్తం వస్తుంది, పెళ్ళి ఆగుతుంది. ఏమైనా ఊరొదలాల్సింది ఎలమందే.

కత్తి తుడవాలన్న నెపంతో మళ్ళీ పొదిలో చెయ్యిపెట్టాడు. దారం జార్చబోయాడు. పొద్దున కత్తి కడిగినప్పుడు తడిసిన దారం పిడికి బిగుసుకుపోయింది. గోటితో లాగాడు, రాలేదు. ఇంకా లాగాడు, రాలేదు. మూడోసారి లాగితే పుటుక్కున తెగింది. ఇప్పుడు చూపించడానికి దారం కూడా లేదు. ఎలమందకి భయం వేసింది, తన పెళ్ళిలో కూడా అంత భయం వెయ్యలేదతనికి.

"ఏందిరా ఆలస్యం?" అన్నాడు భద్రయ్య.

పుట్టి బుద్ధెరిగాక నలుగుర్లో నోరు విప్పని ఎలమంద అప్పుడు విప్పాడు.

"అయ్యా, ఇయ్యాల ఇది ఉత్త కత్తి గాదు, పెళ్ళికత్తి. దీని మీద చూపు పడితే దిష్టి. ఇది పొదిలోంచి వచ్చి మళ్ళా పొదిలోకి పోయేదాకా అందరూ కళ్ళు మూసుకోవాల."

"ఇలాంటిది మేమెక్కడా వినలేదే" అన్నాడు సూరప్ప.

భద్రయ్య తల్లి, పళ్ళూడిన ముసలమ్మ, ఒక మూల నుంచి, "మా చిన్నప్పుడు ఉండేది నాయనా" అంది. నిజంగా ఉండేదో, ముసలమ్మకి మాట్లాడాలనిపించిందో ఆమెకే తెలియాలి. ముసలమ్మ మూసుకుంది. ఆమెని చూసి ఆడవాళ్ళు మూసుకున్నారు. వాళ్ళని చూసి మగాళ్ళు మూసుకున్నారు. ఆఖరికి సూరప్ప పీట మీద కూర్చుని తానూ మూసుకున్నాడు.

ఎలమంద పెద్దకోడల్ని తీసి సూరప్పకి గీశాడు. ఒక్క ఊపున ఊడ్చుకుపోయింది. బొటనవేలు కదల్లేదు. "ఔరా, ఇంత మొండి గడ్డమూ తెలియకుండా పోయిందే. ఇక కుర్రాడికి ఏం భయం, కానివ్వండి" అన్నాడు సూరప్ప కళ్ళు తెరవకుండానే. తర్వాత చిన్నకోడల్ని తీసి శరభయ్యకి గీశాడు. ఒకసారి పంపాడు. రెండోసారి పంపాడు. మూడోసారి పంపాడు. రక్తం రాలేదు. కత్తులు పొదిలోకి పోయాక అందరూ కళ్ళు తెరిచారు. సన్నాయి మోగింది. పెళ్ళయింది.

ఆ తర్వాత ఎలమంద కొత్త ఎర్రదారం చుట్టుకుని చాలాకాలం బతికాడు. నోరు మాత్రం మళ్ళీ విప్పలేదు. ఒక వానాకాలంలో జ్వరం వచ్చి, మూడు రోజులు పడుకుని పోయాడు. కర్మంతరాలయ్యాక రావులమ్మ ఆ పొదిని రచ్చబండ దగ్గరికి తెచ్చింది. ఊరికి కొత్త మంగలిగా వచ్చిన తన మరిది కొడుక్కి దాన్ని పెద్దల ఎదుట అప్పగించాలి.

పొది విప్పారు. దారాలు ఊడి వేరుగా ఉన్నాయి. కత్తులు మూడూ బట్ట మీద పరిచారు. ఒకటి కమ్మరి కొలిమిలోంచి నిన్న వచ్చినట్టు ఇంకా వెడల్పుగా ఉంది. ఒకటి కొంచెం అరిగింది. మూడోది సానపట్టీ సానపట్టీ అరిగి చింతాకంత సన్నమైంది. కత్తులు కొట్టిన కమ్మరి అక్కడే ఉన్నాడు. పిడి దగ్గర తాను కొట్టిన గుర్తు చూసి, వెడల్పుది పెద్దకోడలనీ, చింతాకంతది చిన్నకోడలనీ చెప్పాడు.

ఊరంతా అడిగిన పెద్దకోడలు అరగనే లేదు, ఎవరూ అడగని చిన్నకోడలు అరిగిపోయింది. ఏ మగాడికి ఆ మగాడు తన చెంప తడుముకున్నాడు. కాసేపటికి ఎవడో కుర్రాడు, "అంటే ఇన్నాళ్ళూ మనందర్నీ..." అని మొదలుపెట్టాడు. రావులమ్మ తల వంచుకుంది. ఇన్నేళ్ళూ ఏ రోజు వస్తుందని భయపడిందో ఆ రోజు రానే వచ్చింది, అదీ మొగుడు లేనప్పుడు.

భద్రయ్య అప్పటికి పండుముసలి. కర్ర ఊతంతో లేచి, వచ్చి పీట మీద కూర్చున్నాడు. కొత్త మంగలి వంక తిరిగి, "ఎర్రదారం తియ్యిరా అబ్బీ" అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు.

కొత్తవాడికి ఏ కత్తి తియ్యాలో తోచలేదు. రావులమ్మ వంగి చింతాకంత కత్తిని తీసింది, దాని పిడికి ఎర్రదారం చుట్టింది, వాడి చేతిలో పెట్టింది. వాడు గీశాడు. భద్రయ్య బొటనవేలు కదల్లేదు. మూసిన రెప్పల కింద నుంచి మాత్రం నీళ్ళు కారి, గీసిన చెంప మీదుగా జారాయి. ఎలమంద లేడన్న సంగతి ఊరికి నిజంగా అప్పుడు తెలిసింది. రావులమ్మ తలెత్తి చూస్తే రచ్చ మీద అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, ఆ మాట మొదలుపెట్టిన కుర్రాడితో సహా.

ఒక్క మైలయ్య మాత్రం తన వంతు వచ్చినప్పుడు పీట మీద కూర్చుని, "నాకు ఆ పెద్దదే గియ్యి నాయనా. అదే గదా ఎప్పుడూ గీసేది" అన్నాడట. ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఎవరూ అడగలేదు.

ఇప్పటికీ ఆ వైపు పెళ్ళికొడుక్కి గీసే కత్తి పిడికి ఎర్రదారం చుడతారు. గడ్డం గీసే వేళ అందరూ కళ్ళు మూసుకుంటారు, దిష్టి లేదని తెలిసే మూసుకుంటారు. ఇంకోటి కూడా ఉంది. ఎవరైనా లోపల కష్టం దాచుకుని, నాకేం, బాగానే ఉన్నానంటే, అక్కడి ముసలమ్మలు ఊరుకోరు. "ఏదీ, బొటనవేలు చూపించు" అంటారు.

కథ పొదిలోకి, మనం ఇళ్ళలోకి.