చెంగి పేరుకు పలికిన గొంతు

అనగనగా, పొద్దెక్కినా పొగమంచు విడవని ఒక అడవిలో ఆడపిల్లల బడి ఒకటి ఉండేది తల్లీ. కణుజు అనే పెద్ద జింక పంతులమ్మగా చిన్న చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పేది. ముంగిసపిల్ల కెంపి, కుందేలుపిల్ల చెంగి పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. చెంగికి అమ్మా నాన్నా లేరు. ఒక్కతే వచ్చేది, ఒక్కతే పోయేది.

చలికాలం వచ్చింది. పక్కవాళ్ళ ముఖం కూడా కనబడనంత మంచు. పంతులమ్మ పేర్లు పిలుస్తోంది.

"చెంగీ!"

"వచ్చానమ్మా!" అంది చెంగి గొంతు.

కెంపి పక్కకు చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. నేల చల్లగా ఉంది. 'వేరేచోట కూర్చుందేమోలే' అనుకుని ఊరుకుంది.

మర్నాడూ అంతే. ఈసారి ఆ గొంతు పొదల వెనక నుంచి వచ్చింది. కెంపి చెబుదామని నోరు తెరిచింది. ఇంతలో ఎవరిదో వేడి ఊపిరి చెవికి తగిలింది.

"చెప్పావంటే, రేపు నీ పేరుకూ నేనే పలుకుతాను," అంది చెంగి గొంతు.

కెంపి తెరిచిన నోరు మూసేసుకుంది.

మూడోనాడు కూడా పంతులమ్మ పిలిచింది. "చెంగీ!"

"వచ్చానమ్మా!"

కెంపి లేచి నిలబడింది. "అమ్మా, అది చెంగి కాదు! చెంగి బడికి రావడం లేదు!"

పిల్లలు పకపకా నవ్వారు. "పలికింది కదే, పిచ్చిదానా!"

పంతులమ్మ నవ్వలేదు. "చెంగీ, నీకు నేను నేర్పిన మొదటి అక్షరం ఏదో చెప్పమ్మా," అంది.

మంచులోంచి "వచ్చానమ్మా... వచ్చానమ్మా..." అంటూ ఆ గొంతు బొంగురుపోయింది. ఆఖరికి అది నవ్వింది. దుమ్ములగొండి నవ్వు!

పంతులమ్మ గిట్టలు ఎత్తి దాని మీదికి దూకింది. అది కుంటుకుంటూ పారిపోయింది. పిల్లలు ఒకరి తోక ఒకరు పట్టుకుని మంచులో వెతికారు. బడి వెనకే, రాయి అడ్డుపెట్టిన ఒక బొరియలో చెంగి దొరికింది. చిక్కి సగమైంది. ఒక చెవి సగం లేదు.

"రోజూ నా పేరు పిలవడం వినబడేది," అంది చెంగి నీరసంగా. "నేను పలికేలోపే అది నా గొంతుతో పలికేది. నేనెంత అరిచినా ఆ రాయి దాటి వినబడేది కాదు. అది నిన్ననే ఈ చెవి కొరికింది."

కెంపి వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు లేవని నాకు మొదటి రోజే తెలుసే. భయపడి చెప్పలేదు."

"ఇవాళ చెప్పావుగా," అని చెంగి ఆమె చెయ్యి పట్టుకుంది.

చెంగి బతికింది. కానీ పోయిన ఆ సగం చెవి మళ్ళీ మొలవలేదు తల్లీ.

నీతి: తోటిపిల్ల కనబడకపోతే భయపడి ఊరుకోకు. ఆ రోజే పెద్దలకు చెప్పు.