వేటపాలెం పెళ్లిలో కల్యాణి

మా మేళానికి పెద్ద దావూద్ సాహెబు గారు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "నాతో రా" అంటారు, అంతే. పాతికేళ్లుగా ఆయన పక్కన డోలు వాయిస్తున్నాను కాబట్టి ఆ పిలుపు వెనక ఏదో ఉంటుందని నాకు తెలుసు. ఫణిభూషణానికి తెలియదు.

ఫణి ఆయన శిష్యుడు. ఇరవై మూడేళ్లవాడు, క్లారినెట్టు వాయిస్తాడు. బెజవాడలో ఒక సభవారు అతనికి రెండు గంటల సోలో కచేరీ ఇస్తామన్నారు. అది కుదిరితే ఇక పెళ్లిమేళాల వెంట తిరగక్కర్లేదు. గురువు సరేననందే ఒప్పుకోనని వాళ్లకు చెప్పి వచ్చి, సాహెబు గారి కాళ్లకు దండం పెట్టి అడిగాడు.

"గురువుగారూ, నేను సోలోకి తయారైనట్టేనా?"

"ఎల్లుండి వేటపాలెం పెళ్లికి రా. మేళానికి ముందు నువ్వు కూర్చో. శ్రుతిపెట్టె నేను చూసుకుంటా" అన్నారాయన.

జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచింది. తాళి కట్టడానికి ఇంకా వ్యవధి ఉంది కదా అని ఫణి కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి. వాడంటే నాకు కాస్త అసూయే అయినా, ఆ కల్యాణికి నా ఒళ్లు జలదరించింది. భోజనాల బంతిలో చోటు కోసం కొట్టుకుంటున్నవాళ్లు కూడా నోళ్లు మూశారు. వాడు కళ్లు మూశాడు.

అప్పుడే పురోహితుడు చెయ్యెత్తాడు. గట్టిమేళం అందుకోమని సైగ. తాళి కట్టే క్షణాన అపశకునపు మాటగానీ తుమ్ముగానీ పెళ్లికూతురి చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన మోత అది. ఫణి చూడలేదు. నేను చూశాను. కానీ క్లారినెట్టు అందుకోనిదే డోలు అందుకోకూడదన్నది మా మేళం కట్టుబాటు. కర్ర ఎత్తి పట్టుకుని వాడి వైపే చూస్తున్నాను. పురోహితుడు రెండోసారి చెయ్యి ఊపాడు. పెళ్లికొడుకు తాళితో వంగాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికూతురి మేనమామ ముక్కు ఎగబీల్చి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచాడు. అది చూసి పెళ్లికూతురి తల్లి ముఖం పాలిపోయింది.

సాహెబు గారు శ్రుతిపెట్టె వదిలేసి, పక్కకు వంగి, నా డోలు మీద రెండు అరచేతులతోనూ దబదబా బాదారు. వెంటనే నేనూ అందుకున్నాను. తుమ్ము ఆ మోతలో కొట్టుకుపోయింది, మూడు ముళ్లూ పడ్డాయి. ఉలిక్కిపడ్డ ఫణి చేతిలో క్లారినెట్టు కీచుమంది.

తరువాత పెళ్లికూతురి తల్లి తాంబూలం తెచ్చి సాహెబు గారికి దండం పెట్టింది. ఫణి వైపు తిరిగి, "ఎంత బాగా వాయించావు బాబూ!" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా వాడు తల ఎత్తలేకపోయాడు.

తాంబూలాలు తీసుకుని ఆటోలో తిరుగు దారి పట్టాం. చీరాల దగ్గరపడ్డాక ఫణి ఉండబట్టలేకపోయాడు.

"తప్పు నాదే గురువుగారూ. కానీ సభలో ముహూర్తాలు ఉండవు కదండీ."

సాహెబు గారు వాడి క్లారినెట్టు రీడు తీసి, జేబురుమాలుతో తుడిచి, డబ్బాలో పెట్టి వాడి చేతికిచ్చారు.

"ఉంటాయి నాయనా. చెయ్యెత్తి చెప్పేవాడే ఉండడు."