తెల్లదిన్నె రాయి తాగిన నీళ్ళు

ఈ కథ నాకు మొదట చెప్పినామె కంబళ్ళు నేసే సన్నీరమ్మ. జడెప్పకు సొంత చెల్లెలి కూతురు. ఆమె అబద్ధం ఆడదు, చిలవలు పలవలు కలపదు. మిగతావాళ్ళు చెప్పేది నేను చెవికెక్కించుకోను.

జడెప్పకు ఆ ఏడు నలుగురిలో తలెత్తుకోలేనంత సిగ్గయింది. సిగ్గు తన గురించి కాదు, తాను గొర్రెలు మేపే నేల గురించి.

అతని గురువు మాళింగయ్య ఒడయారు. చుట్టుపక్కల గొర్రెల కాపర్లందరికీ ఆయనే పెద్ద. ఆయన మఠానికి ఉన్న ఆస్తి నూట నలభై గొర్రెలు, ముప్పై ఎకరాల తెల్లదిన్నె. పదకొండేళ్ళుగా జడెప్ప ఆయన వెంట తిరుగుతున్నాడు. ఆయన తరువాత గురువు కంబళి కప్పుకునేది అతనేనని అందరికీ తెలుసు.

తెల్లదిన్నె అంటే చూసినవాళ్ళకే తెలియాలి. పైన జానెడు గులకరాళ్ళ గరుసు. ఏ రాయి తిరగేసినా అడుగున తెల్లగా సున్నం పూసి ఉంటుంది. ఆ జానెడు తవ్వితే సున్నపు బండ, రాళ్ళన్నీ ఒకదానికొకటి అతికించి మెత్తినట్టు. నాగలి దిగదు. జడెప్ప మొండికి పోయి జొన్న వేయబోయి రెండు కర్రులు విరగ్గొట్టుకున్నాడు కూడా.

కింద నల్లరేగడి చెన్నన గౌడుది. గొర్రెలకు నీళ్ళు తాపే తొట్టి దగ్గర గౌడు ఎదురైనప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఏమప్పా జడెప్పా, మీ గొర్రెలు రాళ్ళు మేస్తాయంట గదా. పాలు పిండితే సున్నం వస్తుందా? వస్తే మా ఆకువక్కలోకి కొంచెం పంపియ్యి."

అందరూ నవ్వేవాళ్ళు. జడెప్ప తల వంచుకుని గొర్రెలను తోలుకుని పోయేవాడు.

ఆ ఎండాకాలం గౌడే ఒక మాట తెచ్చినాడు. ముప్పై ఎకరాల దిన్నె తనకిస్తే, ఎనిమిదెకరాల నల్లరేగడి మఠానికి రాసిస్తానన్నాడు. బండ పగలగొట్టించి దిన్నె మొత్తం దున్నిస్తాడంట. సోమవారం కాగితం తెస్తాను, ఒడయారు వేలిముద్ర వేస్తే చాలు అన్నాడు.

జడెప్ప పరుగున వచ్చి గురువుకు చెప్పినాడు.

"ఒడయా, ఎనిమిదెకరాలంటే చిన్న మాట కాదు. జొన్న పండుతుంది. చొప్ప ఉంటుంది. ఈ చచ్చిన నేలను నమ్ముకుని ఎన్నాళ్ళు?"

"చచ్చిందా?" అన్నాడు ఒడయారు.

"బిందెడు నీళ్ళు పోస్తే క్షణంలో మాయం. ఒక చుక్క నిలుపుకోదు. చావక ఏమి?"

ముసలాయన కోప్పడలేదు. కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు నొక్కుకున్నాడు.

"నా కాళ్ళు ఇంకెన్నాళ్ళు నడుస్తాయి? రేపు గొర్రెలు తోలేది నువ్వు. సోమవారం నువ్వు ఏ మాటంటే దానికే ముద్ర వేస్తా. రేపు ఒక్క పూట నేనూ నీ వెంట మేపుకు వస్తా, పద."

మరునాడు ఇద్దరూ గొర్రెలను దిన్నె మీదికి తోలినారు. వంక నీళ్ళు కోసేసిన గట్టు దగ్గర ఒడయారు ఆగి, విరిగిపడిన సున్నపు బండ ముక్క ఒకటి ఎత్తినాడు. కొబ్బరికాయ కంటే పెద్దది. ఎండకు ఎండి తెల్లగా, పెళుసుగా ఉంది. జడెప్ప చేతుల్లో పెట్టి, భుజానికున్న సొరబుర్ర మూత తీసినాడు.

"ఒడయా, అవి సాయంత్రం దాకా మనం తాగే నీళ్ళు!"

ఆయన వినలేదు. చిన్న ధారగా పోస్తానే ఉన్నాడు. రాయి చిటచిటమని సన్నగా చప్పుడు చేసింది. బుడగలు లేచినాయి. తిప్పి పోసినాడు, అటూ ఇటూ పోసినాడు. జడెప్ప వేళ్ళ సందున జారింది కొంచెమే. సొరబుర్ర ఒట్టిదైపోయింది.

"కంబళి చెంగులో చుట్టుకో," అన్నాడు ఒడయారు. "మోసుకురా."

మధ్యాహ్నానికి జడెప్ప నాలుక పిడచకట్టుకుపోయింది. వీపున బరువు. రాయి లోపల తన నీళ్ళు. నీళ్ళన్నీ ఒంపేసిన ముసలాయన ముందు నడుస్తున్నాడు, ఆయనకూ గుక్కెడు లేదు, అయినా దప్పి అన్న మాటే ఎత్తడు. జడెప్ప లోపల్లోపల కుతకుతలాడిపోయినాడు.

కింద గౌడు చేలు మనిషి కాలు దిగేంత పగుళ్ళు విచ్చి ఉన్నాయి. ఎక్కడా పచ్చని పోచ లేదు. దిన్నె మీద కసువు గడ్డి ఎండినా కుదురు కదలకుండా నిలబడి ఉంది. తంగేడు పచ్చగా ఉంది. పదకొండేళ్ళుగా చూస్తున్నదే. అయినా ఆ పొద్దు కొత్తగా కనబడింది. వెనక ఒకసారి ముసురు పట్టిన ఏడు కూడా గుర్తుకొచ్చింది. నల్లరేగడి బురదలో గౌడు గొర్రెలకు గిట్టలు కుళ్ళి, కుంటుకుంటూ ఈ దిన్నె ఎక్కే బతికినాయి. వాన వెలిసిన గడియకే ఇక్కడ గరుసు ఆరిపోతుంది, గిట్టకు తడి అంటదు. ఆ సంగతి గౌడు వంశం ఇప్పుడు ఒప్పుకోదు. నేను మాత్రం మరిచిపోలేదు.

పొద్దు వాలేటప్పటికి రేగుచెట్టు నీడకు చేరినారు. జడెప్ప మూట దబ్బున కింద పెట్టి, తానూ కూలబడినాడు.

మందలో తల్లి దగ్గరికి రానీయని పిల్ల ఒకటి ఉండేది. అది వచ్చి మూటలోకి మూతి దూర్చింది. ఎంత తోసినా పోలేదు. జడెప్ప చెంగు లాగి చూస్తే, పిల్ల కళ్ళు మూసుకుని రాయిని నాకుతోంది.

జడెప్ప రాయి మీద చెయ్యి పెట్టినాడు. చల్లగా ఉంది. తడిగా ఉంది.

ఒడయారు రాయిని బండకేసి కొట్టి రెండు చెక్కలు చేసినాడు. లోపల ఇంకా నల్లగా నాని ఉంది. ఒక చెక్క పిల్ల ముందు పడేసి, రెండోది శిష్యుడికిచ్చినాడు. జడెప్ప దాన్ని చెంపకు ఆనించుకున్నాడు.

"పొద్దున తాగింది ఇంకా మింగలేదు ఒడయా," అన్నాడు.

"మింగేదానికి తాగలేదు."

అంతే. తిరిగొచ్చేటప్పుడు వంక గట్టు దగ్గర జడెప్పే ఆగినాడు. గట్టు కోతలో తంగేడు వేరు కనబడుతోంది. గరుసులో నుంచి జానెడు దిగి, సున్నపు బండ మీద పక్కకు తిరిగి, వెంట్రుకల్లాంటి పిల్లవేర్లను బండ పగుళ్ళలోకి పంపి గట్టిగా కరుచుకుని ఉంది, గొర్రెపిల్ల పొదుగు పట్టినట్టు. జడెప్ప చాలాసేపు అక్కడే నిలబడినాడు. ఒడయారు తొందర పెట్టలేదు.

సోమవారం గౌడు వచ్చినాడు. తాంబూలం పళ్ళెం, కాగితం, రాసేవాడు. వెనకాల గడ్డపారలతో ఇద్దరు మనుషులు.

"మంచిరోజు గదా ఒడయా. ముద్ర పడంగానే మొదలు పెట్టిస్తా. ఆ పాడు బండ పగలగొడితే గానీ కింద మన్ను గాలి పీల్చుకోదు."

ఒడయారు శిష్యుడి వైపు తిరిగి బొటనవేలు చూపించినాడు. "కడుక్కునే కూర్చున్నా. ఏమంటావు జడెప్పా?"

జడెప్ప లేచి పోయి ఒక ఎండు సున్నపు రాయి తెచ్చినాడు. గౌడు రెండు చేతులూ పట్టి, దాన్ని అందులో పెట్టినాడు. చెంబు వంచి మెల్లగా నీళ్ళు పోసినాడు. రాయి చిటచిటలాడింది.

"ఏందప్పా ఈ ఆట?" అన్నాడు గౌడు.

"మోసుకుపో గౌడా. పొద్దు గూకినాక వచ్చి చెప్పు, చచ్చిందో బతికిందో."

గడ్డపారల వాళ్ళు ఇద్దరూ ఫక్కున నవ్వినారు. గౌడు మొహం కందగడ్డయింది. రాయిని విసిరేసి పోయినాడు. సాయంత్రం రాలేదు. కాగితం మీద ముద్ర పడలేదు.

వాళ్ళు పోయినాక మాళింగయ్య ఒడయారు మెల్లగా లేచినాడు. తన భుజం మీది నల్లకంబళి తీసి, జడెప్ప భుజాల మీద వేసినాడు.

"ఎండగా ఉంది," అన్నాడు. "కప్పుకో."

జరిగింది ఇదీ. ఇప్పుడు గౌడు మనవళ్ళు మఠానికి సిమెంటు కమాను కట్టించినారు. దాని మీద ఏం రాయించినారో నేను కూడబలుక్కుని చదివినా. ఒడయారు రాతిలో నుంచి పాలు పిండి గొర్రెపిల్లకు తాపినాడంట. తెల్లదిన్నె గౌడు దానమంట. అక్షరం బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ దానమన్న మాట చెరపండి. పాలు అన్నచోట నీళ్ళు అని రాయండి.